గుమ్మిడిపూండి చరిత్ర పుస్తకం గురించి నాలుగు మాటలు



కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ పుస్తకం అచ్చుకు పోకముందు చదవండి.

పోయిన నెల సమావేశంలో మన ఊరి చరిత్ర మీద ఒక పుస్తకం వెయ్యాలని అనుకున్నాం. మంచి ఆలోచన. చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తరవాత ముందుమాట నమూనా గ్రూపులో పెట్టారు. అందులో రెండో పేరా చూశారా? 1960లో మన గుమ్మిడిపూండిని ఆంధ్ర నుంచి తీసి మద్రాసు రాష్ట్రానికి ఇచ్చేశారని ఉంది. దానికింద వరసగా దండాలు, చప్పట్లు. ఒక్కరు కూడా ఇది నిజమేనా అని అడగలేదు.

అది నిజం కాదు. గుమ్మిడిపూండి ఎప్పుడూ ఆంధ్ర రాష్ట్రంలో లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజు మనది చెంగల్పట్టు జిల్లా, పొన్నేరి తాలూకా, మద్రాసు రాష్ట్రం. 1956లోనూ అంతే. 1960లోనూ అంతే. ఇచ్చేశారని మనం చెప్పుకుంటున్న కథ తిరుత్తణిది. మనం దాన్ని తెచ్చి మన గుమ్మానికి కట్టుకున్నాం.

ఎందుకు ఇలా కలిసిపోయిందో నాకు అర్థమవుతుంది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట, పొన్నేరి, గుమ్మిడిపూండి అన్నీ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. జిల్లా స్థాయిలో తెలుగువాళ్ళం కలిసినప్పుడు తిరుత్తణి వాళ్ళు వాళ్ళ కథ చెప్తారు, మనం తల ఊపుతాం. ఇరవై ఐదేళ్ళు తల ఊపితే అది మన కథ కూడా అయిపోయింది.

తిరుత్తణి సంగతి వేరు. అది కార్వేటినగరం జమీందారీలోది, సారంగపాణి పదాలు పుట్టిన సంస్థానం అది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1953లో జిల్లాతో పాటు ఆంధ్రకు పోయింది. అటు తిరుపతి కూడా తమిళులదేనని మ.పొ.శివజ్ఞానం గారు ఉద్యమం నడిపారు. ఇటు మనవాళ్ళు ససేమిరా అన్నారు. చివరికి పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టి, గ్రామాన్ని లెక్కగా తీసుకుని, ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఆ ఊరు ఏ వైపు ఆనుకుని ఉంది అని చూసి గీత గీశారు. 1959లో చట్టం, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు మద్రాసుకు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అప్పుడు ఉపరాష్ట్రపతి. ఆయన పుట్టిన ఊరు ఆరున్నరేళ్ళు ఆంధ్రలో ఉండి, ఆయన ఢిల్లీలో ఉండగానే రాష్ట్రం మారింది.

ఇక మన వైపు ఏం జరిగిందో చూడండి. అదే చట్టం కింద పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లో తెలుగు ఎక్కువ ఉన్న ఊళ్ళను తీసి ఆంధ్రకు ఇచ్చారు. సత్యవేడు అట్లా చిత్తూరు జిల్లాలోకి పోయింది. అంటే మన దగ్గర పోయింది మన ఊరు కాదు, మన పక్క ఊళ్ళు. మనం ఉన్నచోటే ఉన్నాం. మన చుట్టాలు కయ్యలతో, చెరువులతో, గుళ్ళతో సహా అవతలికి పోయారు.

మా అవ్వ చెల్లెల్ని సత్యవేడు పక్క పల్లెకు ఇచ్చారు. పెళ్ళినాటికి రెండు ఊళ్ళూ ఒకే తాలూకా. తరవాత బియ్యం మీద ఆంక్షలు వచ్చిన రోజుల్లో చెల్లెలికి కొత్త బియ్యం పంపాలంటే అవ్వ దొంగసరుకు పంపినట్టు గుడ్డలమూట కింద పెట్టి బండి ఎక్కించేదట. “నేను కదల్లేదు, అది కదల్లేదు, మధ్యలో చెక్‌పోస్టు మొలిచింది” అనేది. నవ్వుతూనే అనేది. నాకు పుస్తకంలో కావలసింది ఇదీ. “ఇచ్చేశారు” అనే మాటలో ఇది పట్టదు.

ఇంకో మాట. ఈ లెక్కలో మనకు కష్టం వచ్చినట్టే అవతల తమిళులకూ వచ్చింది. సత్యవేడు చుట్టుపక్కల తమిళం మాట్లాడే ఇళ్ళు అటే ఉండిపోయాయి. పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఆంధ్రది, అక్కడ తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. నెల్లూరు తీరంలో పట్టపువాళ్ళు ఇంట్లో తమిళం మాట్లాడతారు. మనం రాసిన ముందుమాటను పేర్లు మార్చి వాళ్ళు కూడా అచ్చువేసుకోవచ్చు. అట్లా ఎవరైనా ఎక్కడైనా వేసుకోగలిగిన కాగితం మన ఊరి చరిత్ర ఎట్లా అవుతుంది?

మూడో పేరాలో రాజుల వరస ఉంది. పల్లవులు, చోళులు, విజయనగరం, నాయకులు. అందరూ ఏలారు, కాదనను. కానీ వాళ్ళు గుమ్మిడిపూండికి వచ్చి ఏం చేశారో మనకు ఒక్క వాక్యం కూడా దొరకలేదు కాబట్టే పేర్లతో సరిపెట్టాం. మన ఊరు నిన్నమొన్నటి దాకా చిన్న ఊరు. కచేరీ పని ఉంటే పొన్నేరికి పోవాల్సిందే. రైలు, హైవే, ఆ తరవాత సిప్కాట్ ఫ్యాక్టరీలు మన ఊరిని పెద్దది చేశాయి. తాలూకా కేంద్రం బోర్డు ఆ తరవాతి సంగతి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? పేరు గుమ్మడికాయ నుంచి వచ్చిందా కాదా అని మనవాళ్ళు గంటసేపు వాదించుకున్నారు. ఆ గంటలో స్కూటరు మీద కవరైపేట పోయి రావచ్చు.

కవరైపేట అన్నాను కాబట్టి చెప్తున్నాను. తమిళంలో కవరై అంటే ఎవరు? బలిజలు. వ్యాపారం చేసుకునే తెలుగువాళ్ళకు తమిళులు పెట్టిన పేరు. పక్క స్టేషను బోర్డు మీద రోజూ కనిపిస్తున్నా మన నమూనాలో ఆ ఊరు లేదు. తేర్వాయ్ కండిగై తెలుసు కదా, 2020లో మద్రాసు తాగునీటికి కొత్త రిజర్వాయరు తెరిచింది ఆ పక్కనే. ఆ కండిగై, అవతల బుచ్చినాయుడు కండ్రిగలోని కండ్రిగ ఒకటే మాట. రెండు రాష్ట్రాల ఊళ్ళకు ఒకే తోక. మన తాలూకాలో అట్లాంటి తోకలున్న ఊళ్ళ పేర్లు రాసుకుంటూ పోతే చాలు, సగం చరిత్ర వచ్చేస్తుంది.

ఇక పులికాట్. పళవేర్కాడు అనండి, మన పాతవాళ్ళు అన్నట్టు ప్రళయకావేరి అనండి. రెండో వేంకటపతిరాయల కాలంలో డచ్చివాళ్ళు అక్కడ దిగారు, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అక్కడి నుంచి ఓడలెక్కిన నూలుబట్ట వాళ్ళకు తూర్పుదేశాల్లో మిరియాలు, జాజికాయ కొనడానికి డబ్బులాగా పనికొచ్చింది. పలయకాట్ లుంగీ పేరు ఆ ఊరిదే. నేసినవాళ్ళు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. అప్పటికి చెన్నపట్నం లేదు. ఇంగ్లీషువాళ్ళు 1626లో దుగరాజపట్నంలో చిన్న కోట పెట్టుకుని, అక్కడ సాగక 1639లో దామెర్ల నాయకుల దగ్గర స్థలం తీసుకుని దక్షిణానికి జరిగారు. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. దుగరాజపట్నానికీ చెన్నపట్నానికీ మధ్య దారిలోనే మనం ఉన్నాం. మద్రాసు పెరిగింది, పులికాట్ చిక్కిపోయింది, మన పల్లెల నూలు, ధాన్యం, కూలీలు అన్నీ దక్షిణానికి తిరిగాయి. ఇప్పటికీ పొద్దున లోకల్ రైలు చూడండి, అటే తిరిగి ఉంటుంది. అయితే ఈ మధ్య కొంత ఎదురు నడక కూడా మొదలైంది. మన పిల్లలు కొందరు ఉత్తరానికి, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోతున్నారు. అది ఎక్కడుంది? సత్యవేడు పక్కనే. 1960లో అవతలికి పోయిన వైపుకే.

స.వెం.రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ మన సభ్యుల్లో ఎంతమంది చదివారో నాకు తెలియదు. ఆ సరస్సు ఒడ్డు తెలుగులో, మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులో రాసిన పుస్తకం. మన నమూనా మాత్రం హైదరాబాదు టీవీ యాంకరు తెలుగులో ఉంది. కయ్య అనాల్సిన చోట వరిపొలం అని రాశాం. అవ్వ అనడానికి మొహమాటపడి నాయనమ్మ అన్నాం. ఎవరి మెప్పు కోసం?

ఇంకొక విషయం, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. మన ఊళ్ళో 1990 నుంచి శ్రీలంక శరణార్థుల శిబిరం ఉంది. ముప్పై ఏళ్ళు దాటింది. అక్కడ పుట్టి, ఇక్కడ బడికి పోయి, ఇక్కడే పెయింటింగు పనులు చేసుకుంటూ పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. అది మన పుస్తకంలో ఎందుకు అని ఒక అన్న సమావేశంలోనే అడిగారు. ఇరుళర్లు, యానాదులు కూడా ఎక్కడా లేరు. ఈ సరస్సు, ఈ అడవి, ఈ చెరువు గట్లు మనకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. తమిళంలో వచ్చిన ఊరి చరిత్రల్లో మన ఊసే లేదని మనం ప్రతి వార్షికోత్సవంలో బాధపడతాం. ఆ బాధ పడేవాళ్ళు ఇంకొకళ్ళ ఊసు వదిలేస్తే ఎట్లా?

ఇప్పుడు అసలు భయం చెప్తాను. మా ఇంటి అటక మీద రేకుపెట్టె ఒకటి ఉంది. తాత నాటి ప్రోనోట్లు, భాగపరిష్కారం కాగితాలు, రెండు మూడు కార్డులు. మా అబ్బాయి ఫోటో తీసి “నాన్నా, ఇది ఏ భాష?” అన్నాడు. తెలుగేరా అన్నాను. చదువు అన్నాడు. గొలుసుకట్టు రాత, నాకు సగమే వచ్చింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లాడు అది తెలుగని గుర్తుపట్టలేదు, నేను గుర్తుపట్టి కూడా చదవలేకపోయాను. ఒక్క మా ఇంటి సంగతేనా ఇది? మీ అటకలు ఒకసారి చూసుకోండి.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలై 2015–16కి పదో తరగతి దాకా పోయింది. భాషా మైనారిటీ పిల్లల కోసం కోర్టులకు పోవడం, ఆ ఏడాదికి మినహాయింపు తెచ్చుకోవడం, 2023లో సుప్రీంకోర్టు దాకా పోవడం అందరికీ తెలిసిందే. ఆ పోరాటం చేసినవాళ్ళకు నా దండం. నా మాట ఒకటే: తమిళం మన పిల్లలు నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు, దానివల్ల తెలుగు పోలేదు. మనం ఆదివారం ఒక గంట కూడా అక్షరాలు నేర్పకపోవడం వల్ల పోయింది. కోర్టు ఆ గంట తెచ్చివ్వదు. ఆ గంట లేకపోతే ఆర్టుపేపరు మీద రంగుల్లో వేసిన మన తెలుగు పుస్తకం కూడా పాతికేళ్ళకు మా రేకుపెట్టెలోకే పోతుంది.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం. అధ్యక్షులవారు పెద్దవారు, కోపం చేసుకోరని నమ్మకం. ముందుమాట తీసెయ్యండి. వార్షికోత్సవానికి అచ్చువెయ్యాలన్న తొందర మానండి, ఒక ఏడాది ఆగుదాం. రంగుల బొమ్మలకు పెట్టిన డబ్బు ఆదివారం అక్షరాల తరగతికి పెట్టండి, పలకలు నేను కొనిస్తాను. పుస్తకం తెలుగులోనూ తమిళంలోనూ ఎదురెదురు పేజీల్లో వేద్దాం. అప్పుడు మన పిల్లలూ చదువుతారు, పక్కింటి ముదలియారు గారూ చదివి తప్పులు చెప్తారు. తప్పులు చెప్పేవాళ్ళు లేకే ఈ ముందుమాట ఇంతదూరం వచ్చింది.

అన్నిటికన్నా ముందు పెద్దవాళ్ళ దగ్గరికి పోదాం. 1960లో పదిహేనేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై. ఏ ఊరి పేరు ఏ జాబితాలోకి పోయింది, ఆ రోజు పంచాయతీలో ఎవరేమన్నారు, ఏ చెరువు నీళ్ళకు తరవాత ఎవరు ఎవరితో కొట్లాడారు, ఇవి వాళ్ళ దగ్గర తప్ప ఏ కాగితంలోనూ దొరకవు. సత్యవేడులో కూడా ఇదే పని చెయ్యాలి, అక్కడి తమిళ ఇళ్ళకు కూడా పోవాలి. ఎళావూరులో ఇద్దరు పెద్దవాళ్ళున్నారని విన్నాను, ఒకరికి చెవులు వినపడవట, గట్టిగా అడగాలి.

నేను వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి ఆరంబాకం వైపు బయల్దేరుతున్నాను. ఫోన్లో రికార్డు చెయ్యడం నాకు సరిగా రాదు. స్కూటరు వెనక సీటు ఖాళీగా ఉంది. కుర్రాళ్ళు ఎవరైనా వస్తారా?