ఆ మిషను ఎవరిది?

డూమ్ మెటల్ సంగీతం మీద ఒక సెమినార్‌లో పత్రం విన్నాను. అది శ్రామికవర్గపు విషాద స్వరమన్నాడు వక్త. నిజమే. బ్లాక్ సబ్బాత్ బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల మధ్య పుట్టింది. 1965లో పదిహేడేళ్ళ టోనీ ఐయోమీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు రేకుల ఫ్యాక్టరీ ప్రెస్సులో తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు బిగించాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కొచ్చేసరికి శ్రుతి బాగా దించేశాడు. ఈడ్చుకుంటూ నడిచే ఆ బరువైన మోతే సెయింట్ వైటస్‌కీ, 1986లో మొదటి ఆల్బమ్ తెచ్చిన స్వీడన్ బృందం కాండిల్‌మాస్‌కీ వారసత్వం.

వక్త చెప్పనిది ఒకటుంది. ఆ మిషను ఐయోమీది కాదు. రోజూ దానిమీద పనిచేసే స్త్రీ ఆరోజు రాలేదు కాబట్టి తనను పెట్టారని 2011 నాటి ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. అంటే రోజూ ఆ ప్రెస్సు కింద పెట్టిన వేళ్ళు ఆమెవి! ఈ కథను పురాణంలా చెప్పుకునేవాళ్ళలో ఒక్కరైనా ఆమె ఎవరని అడగ్గా నేను వినలేదు. వక్త చదివిన జాబితాలో 1993లో ఏసిడ్ కింగ్‌ను స్థాపించిన లోరీ ఎస్. కూడా లేదు.

నాది మార్కాపురం. మా అమ్మమ్మ పలకల పనికి వెళ్ళేది. ఆ దుమ్ముతో ఆమె గొంతు బొంగురుపోయింది. ఊళ్ళో ఎవరు పోయినా ఆ గొంతుతోనే శోకాలు పెట్టేది. పోయినామె చేసిన చాకిరీ, తిన్న తన్నులు, పొలం ఎగ్గొట్టిన అన్నదమ్ముల పేర్లతో సహా దీర్ఘాలు తీసి ఏడ్చేది. మగవాళ్ళు అరుగు మీంచి "ఇంక చాల్లే" అని కసిరేవాళ్ళు. పేర్లు బయటపడేది వాళ్ళవే కదా.

దీన్నేమంటారని వక్తను అడిగాను. "అది జానపద విభాగం వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. మగాడి గాయం మోగితే శైలి, ఆడదాని ఊపిరితిత్తుల్లోంచి వస్తే ఏడుపు! మా అమ్మమ్మ మెటల్ పాడిందని నేననడం లేదు. ఆమె పాడింది సంగీతమా కాదా అని తేల్చే హక్కు వీళ్ళకెవరిచ్చారని అడుగుతున్నాను.

టీ దగ్గర ఆయనే వచ్చి, రికార్డింగు ఏమైనా ఉందా మేడమ్ అన్నాడు. లేదు. అమ్మమ్మ పోయిన రోజు శోకాలు పెట్టడానికి మా అమ్మ సిగ్గుపడింది. అప్పుడే పీహెచ్‌డీలో చేరిన నేనూ సిగ్గుపడ్డాను.