ఒక్కరి కొలతకు కుట్టిన అంగీ

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మందిరానికి తాళం వేసి, ఆదివారపు ఆరాధనను ఫోన్‌లో ప్రసారం చేయడం మేమూ నేర్చుకున్నాం. ఆశీర్వాదం పలికామో లేదో, ఎంతమంది చూశారని లెక్క చూసుకునేవాళ్లం. సంఖ్య పెరిగితే దేవునికి స్తోత్రం, తగ్గితే సైతాను ఆటంకం! ఇప్పుడు నవ్వు వస్తోంది గానీ, అప్పుడు మా కొలబద్ద అదే.

ఆ కొలబద్దతోనే మా సంఘంలోని ఒక యువకుణ్ణి కొలిచి పొరబడ్డాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లాక్‌డౌన్ రోజుల్లో ఇంటికి వచ్చి, ఆఫీసు పని ముగిశాక రాత్రుళ్లు సొంతంగా ఏదో ప్రోగ్రామ్ రాసుకుంటున్నాడనీ, జూమ్‌లో జరిగే కుటుంబ ప్రార్థనలకు కూడా రావడం లేదనీ వాళ్ల నాన్నగారు మాతో చెప్పుకుని బాధపడ్డారు. ఫోన్ చేసి అడిగాం. చూపు మందగించిన నానమ్మ కోసం టాబ్లెట్‌లో చిన్న యాప్ చేస్తున్నానన్నాడు. తెర నిండా పెద్ద పెద్ద అంకెలు, అంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో తనకిష్టమైన పాటల నంబర్లన్నీ ఆ తల్లికి కంఠతా వచ్చు. నంబరు నొక్కితే ఆ కీర్తన కోడలి గొంతులో వినిపిస్తుంది. రోజుకొకటి చొప్పున అమ్మ చేత పాడించి, నలభై దాకా రికార్డు చేశాడట.

“ఇంత మంచిదాన్ని ఇంట్లోనే ఉంచుకుంటావా? ప్లే స్టోర్‌లో పెట్టు, అన్ని సంఘాలకూ పంపిద్దాం” అన్నాం. “ఇది మా నానమ్మ కోసమేనండి అయ్యగారూ” అన్నాడు. తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుడి గతి ఏమైందో (మత్తయి 25వ అధ్యాయం) అతనికి గుర్తుచేశాం. అనకుండా ఉండవలసిన మాట అది.

ఆ సంగతి మళ్లీ మా మనసులోకి వచ్చింది 2022 ఆరంభంలో, వర్డిల్ అనే పదాల ఆట గురించి పత్రికల్లో చదివినప్పుడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2013లోనే దానికి ఒక నమూనా చేసి పక్కన పడేశాడు. కోవిడ్ కాలంలో అతనూ, అతని జీవిత భాగస్వామి పలక్ షా పత్రికల్లో వచ్చే పదాల ఆటలకు అలవాటు పడ్డారు. ఆమె కోసం అతను పాత నమూనాను మళ్లీ చేతికి తీసుకున్నాడు. ఇంగ్లిషులో అయిదక్షరాల మాటలు దాదాపు 12 వేలున్నాయి. వాటిని ఒక్కొక్కటే చూసి, తనకు తెలిసిన మాటలేవో, తెలియనివేవో వేరుచేసింది ఆమే. చివరకు మిగిలినవి సుమారు 2,500. అంటే ఆ ఆటలోని జవాబులు ఒక మనిషికి తెలిసిన మాటల కొలతకు కత్తిరించినవి. రోజుకు ఒక్కటే ఆట. ప్రకటనలు లేవు, రమ్మని పిలిచే సందేశాలు లేవు.

2021 అక్టోబరులో దాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. నవంబరు 1న ఆడినవారు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి మూడు లక్షలు, ఆపైన లక్షలు లక్షలు. జనవరి ఆఖరున న్యూయార్క్ టైమ్స్ పత్రిక పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చి కొనుక్కుంది. లోకం చెప్పుకునేది ఈ చివరి ముక్కనే. మమ్మల్ని పట్టుకున్నది మాత్రం మొదటి ముక్క. ఒక్కరి కోసం చేసినది గనకే అందులో ఆ శ్రద్ధ ఉంది. ఎవరూ కొనకపోయినా ఆ శ్రద్ధ విలువ తగ్గేది కాదు.

అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒలీవియా ఆడమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని 2021లో ప్రసూతి సెలవులో ఉండి, పసిబిడ్డను చూసుకుంటూనే, వ్యాక్సిన్ ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కచోట చూపే వెబ్‌సైట్ తయారుచేసింది. అందరికీ ఇలాంటి తీరిక దొరికిందని మేము అనడం లేదు. 2020లో మన రహదారుల మీద పిల్లలను చంకనెత్తుకుని నడిచిన వలస కూలీలకు హాబీలెక్కడివి? ఒకే కప్పు కింద ఉంటూ ఇంట్లోవాళ్ల ముఖం చూడకుండా కంప్యూటరు వెనుక దాక్కున్నవారూ ఉన్నారు. కాబట్టి పని ఏదైనా, అది ఎవరి ముఖం చూసి చేసినదని అడగాలి. మేము ఆ యువకుణ్ణి అడగనిది అదే. ఎంతమందికి అని మాత్రమే అడిగాం.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ చూపించారు (అపొ. కార్య. 9వ అధ్యాయం). ఎన్ని కుట్టిందో లూకా రాయలేదు. సంఖ్యలు రాయడం అతనికి చేతకాక కాదు, పెంతెకొస్తునాడు చేర్చబడినవారు ఇంచుమించు మూడు వేలమంది అని రాసినవాడే! కుట్టుపని తెలిసినవాళ్లను అడగండి. అంగీ కుట్టాలంటే ముందు ఆ మనిషి భుజం కొలత తెలియాలి. దొర్కాకు ఆ విధవరాండ్ర కొలతలు తెలుసు. సెమినరీలో ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివామో, ఎంతమందికి బోధించామో! ఈ సంగతి మాత్రం అప్పుడు తట్టలేదు.

2022లోనే ఆ నానమ్మ ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడికలో కుటుంబ సభ్యులు సాక్ష్యాలు చెబుతుండగా ఆ కోడలు మాట్లాడలేక, టాబ్లెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కొన్ని అంకెల మీద గాజు అరిగినట్టు వేలిముద్రల మరక. ఎవరో ఒక నంబరు నొక్కారు. పాట మధ్యలో కుక్కర్ ఈల కూడా వినిపించింది. వంటింట్లో రికార్డు చేసినట్టున్నారు. మేము కూడా తల వంచుకునే విన్నాం.

కూడిక ముగిశాక ఆ యువకుణ్ణి పక్కకు పిలిచి, ఆనాడు అన్న మాటకు క్షమించమని అడిగాం. ఫర్వాలేదండి అన్నాడు. మా సంఘంలో చూపు పూర్తిగా పోయిన మరో పెద్దావిడ ఉంది. ఇరవై ఏళ్లుగా ప్రతి నెలా వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాం. ఆమెకు కూడా ఇలాంటిది చేసిపెట్టగలవా అని అడిగాం.

“చేస్తానండి. తెర మీద అంకెలు ఆమెకు పనికిరావు, చేత్తో తడిమి నొక్కే మీటలు పెట్టాలి. ఆమెకు ఏ పాటలు ఇష్టమో చెప్పండి అయ్యగారూ.”

మాకు తెలియదు.