మందు చవకే... జబ్బే ఖరీదు

పసిపిల్లల నీళ్ల విరేచనాలకు వైద్యం చాలా చవక. రెండు మూడు ఓఆర్‌ఎస్ పొట్లాలు, పద్నాలుగు రోజుల పాటు రోజుకో జింకు మాత్ర. ఆశా కార్యకర్త దగ్గరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో తీసుకుంటే పైసా ఖర్చుండదు. మందుల షాపులో కొన్నా నూటయాభై రూపాయల లోపే. అయినా కృష్ణా డెల్టా దిగువన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని ఏ కూలి ఇంట్లోనైనా బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే ఖర్చు వేలల్లోకి వెళ్లిపోతుంది. మందు ధరకూ ఆ ఇంటి మీద పడే బరువుకూ మధ్య ఉన్న తేడాను జబ్బు ఖాతాలో వేయడానికి లేదు. అందాల్సినవి వేళకు అందకపోవడం వల్ల పుట్టిన తేడా అది. ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చును పేదవాడు అప్పు చేసి పెడుతున్నాడు.

ఖర్చు ఎక్కడ పెరుగుతోంది?

నాగాయలంక మండలం ఈలచెట్లదిబ్బనే తీసుకుందాం. కృష్ణమ్మ కడలిలో కలిసేచోట ఉన్న దీవి. బయటికి రావాలంటే పడవే దిక్కు. అలాంటి ఊళ్లో రాత్రివేళ బిడ్డ కళ్లు తేలేస్తే తెల్లారేదాకా గుండె చిక్కబట్టుకోవాలి, లేదా అడిగినంత ఇచ్చి పడవ మాట్లాడుకోవాలి. ఒడ్డు చేరాక ఆటో. అవనిగడ్డ ఆసుపత్రిలో కుదరదంటే బందరు పెద్దాసుపత్రి. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, మంచిదే. కానీ అక్కడిదాకా పడవకూ ఆటోకూ అయ్యే ఖర్చు ఆ ఇంటి మీదే పడుతుంది.

అందుకే చాలా ఇళ్లలో మొదటి గడప ఊళ్లోని ఆర్‌ఎంపీది. అర్ధరాత్రి తలుపు తడితే పలుకుతాడు, డబ్బు తర్వాతిమ్మంటాడు. ఒక సూది, ఒక సెలైన్, ఒక యాంటీబయాటిక్ సీసా రాస్తాడు. పిల్లల నీళ్ల విరేచనాల్లో అత్యధికం యాంటీబయాటిక్ అక్కర్లేనివే. రక్తం పడే విరేచనాలకూ, కలరాకూ అది వేరే సంగతి. తాగగలిగే బిడ్డకు సెలైన్ కూడా అవసరం లేదు. కానీ సెలైన్ ఎక్కితేనే వైద్యం చేయించినట్టని జనం నమ్ముతున్నారు, ఆ నమ్మకమే బిల్లు పెంచుతోంది. తగ్గకపోతే పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి, రక్తపరీక్షలు, రెండు రోజుల పడక.

దీనికి తల్లిదండ్రుల అజ్ఞానమే కారణమనేవారు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. దేశంలో విరేచనాలు పట్టిన పిల్లల్లో 68.9 శాతాన్ని ఆసుపత్రికో వైద్యుడి దగ్గరకో తీసుకెళ్లారు. ఓఆర్‌ఎస్ అందింది 60.6 శాతానికి, జింకు 30.5 శాతానికే. అంటే వైద్యం కోసం గడప దాటిన పిల్లల్లో సగానికి పైగా జింకు లేకుండానే తిరిగొచ్చారు. తల్లి చేయాల్సింది చేసింది, వైద్యమే సరిగ్గా జరగలేదు.

ఓఆర్‌ఎస్ పేరుతో జరిగిన మోసం మరొకటి. షాపులో ఆ పేరు చెబితే అట్టపెట్టెలో తియ్యటి పానీయం చేతికొచ్చిన కాలం ఒకటి నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు. చక్కెర అంతకు మించిపోతే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో గానీ ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ పేరు వాడరాదని కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించలేదు. అంతకాలం పేదల జేబుకు చిల్లు పడింది, బిడ్డకు మేలు జరగలేదు.

కూలి పోయింది ఎవరి లెక్కలో?

మందుల బిల్లుకు కాగితమైనా ఉంటుంది, పోయిన కూలికి అదీ ఉండదు. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. తల్లీ తండ్రీ మూడేసి రోజులు పని మానుకుంటే 1,842 రూపాయలు పోయినట్టే. నాట్ల రోజుల్లోనో, మినుము తీతల్లోనో అయితే నష్టం ఇంకా ఎక్కువ.

దీనికితోడు జబ్బు వచ్చే కాలం చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇంట్లో ఉన్నది కరిగిపోతుంది. రైతు కూలీలకు నాట్లు మొదలయ్యేదాకా చేతినిండా పనుండదు. బడులు తెరిచే రోజులు కూడా అవే. సరిగ్గా అప్పుడే తొలకరి వానలకు మురుగు కదిలి పిల్లలు మంచం పడతారు.

నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెచ్చారనుకుందాం. నెలకు 250 రూపాయలు వడ్డీకే పోతుంది. ఆ డబ్బుతో పది ఓఆర్‌ఎస్ పొట్లాలు కొనొచ్చు. బందరులో వైద్యవృత్తి చేసిన పట్టాభి సీతారామయ్య 1923లో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. వందేళ్లు గడిచినా బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లేందుకు రాత్రికి రాత్రి ఐదు వేలు కావలసిన తల్లికి దిక్కు ఊళ్లో వడ్డీ వ్యాపారి, లేదంటే చెవుల కమ్మలు తాకట్టు పెట్టుకునే దుకాణం.

జబ్బు తగ్గాక కూడా నష్టం ఆగదు. మాటిమాటికీ విరేచనాలు పట్టే బిడ్డ ఎదగడు. రెండేళ్లలోపు ఐదు లేదా అంతకుమించిన సార్లు విరేచనాలు రావడం గిడసబారిన పిల్లల్లో నాలుగో వంతుకు కారణమని వివిధ దేశాల సమాచారాన్ని కలిపి చేసిన అధ్యయనం 2008లో తేల్చింది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 31.2 శాతం. రేపు వారి చదువులో, సంపాదనలో తగ్గేదీ ఈ ఖర్చులో భాగమే.

కాలువ చివరి ఊళ్ల నీళ్లు

బంగాళాఖాతం అంచున భూగర్భ జలం ఉప్పు. తాగడానికి కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. బందరు పట్టణానికి తరకటూరు చెరువు అలాంటిదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన నీరు ఊరూరి మురుగునూ, కొన్నిచోట్ల చేపల చెరువుల వదులునీటినీ కలుపుకొని శివారుకు చేరుతుంది. జూన్‌లో వదిలే తొలి నీరు వేసవంతా కాలువలో పేరుకున్న చెత్తనంతా మోసుకొస్తుంది. దాన్ని సరిగ్గా వడకట్టకుండా, క్లోరిన్ కలపకుండా వదిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కొళాయి ఉన్నంత మాత్రాన సరిపోదు. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లొచ్చే ఊళ్లలో మిగతా వేళ గొట్టం ఖాళీగా ఉంటుంది. మురుగుకాలువలోంచి వెళ్లే గొట్టానికి చిన్న చీలిక ఉన్నా ఆ ఖాళీలోకి మురుగు చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చి దివిసీమ లంకలు మునిగాయి, బుడమేరు వాగు నందివాడ మండలం ఊళ్లను ముంచింది. ఇలాంటి ప్రతి ముంపు తర్వాతా కొళాయి నీటిని నమ్మలేక ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కోవాలి. అదీ ఈ జబ్బు ఖర్చే.

ప్రభుత్వం చేయగలదు

ప్రభుత్వం తలచుకుంటే ఈ బరువు దించగలదనడానికి రుజువుంది. రోటా వైరస్ విరేచనాల చికిత్సకు దేశం ఏటా 200 నుంచి 340 కోట్ల రూపాయలు ఖర్చు పెడుతోందని 2009లో ఒక అధ్యయనం అంచనా వేసింది. 2016లో రోటా వైరస్ టీకాను ఉచితంగా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు సంస్థ భారత్ బయోటెక్ తయారుచేసిన చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేస్తే చాలు. తల్లికి పైసా ఖర్చు లేకుండా ఒక పెద్ద శత్రువును అలా కట్టడి చేశాం. మురుగునీటితో వచ్చే మిగతా సూక్ష్మక్రిములకు ఈ టీకా పనిచేయదు. వాటికి మంచినీళ్లే టీకా.

కూలి నష్టం విషయంలోనూ దారి లేకపోలేదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆసుపత్రిలో చేరిన రోగానికి అండ. చికిత్స తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇచ్చే ఆరోగ్య ఆసరాను రాష్ట్రం 2019 డిసెంబరులో తెచ్చింది. జబ్బు ఖర్చులో పోయిన కూలి కూడా ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. కానీ బిడ్డ పక్కన కూర్చున్న తల్లి కూలి ఆ లెక్కలోకి రాలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలాంటి విపత్తుకు నష్టం అంచనాలూ, సాయమూ ఉంటాయి. ఏటా ఇళ్లను కొద్దికొద్దిగా కోసేసే ఈ నష్టాన్ని లెక్క కట్టేవారే లేరు.

చేయాల్సినవి పెద్ద బడ్జెట్టు పనులేమీ కావు. ఐదేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ మే నెలాఖరుకే రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు చేరాలి. జబ్బు వచ్చాక ఆశా కార్యకర్త కోసం వెతుక్కోవడం కాదు, ముందే అవి ఇంట్లో ఉండాలి. ఆర్‌ఎంపీలను వెలివేసినట్టు చూడకుండా, సూదికన్నా ముందు ఓఆర్‌ఎస్ ఇచ్చేలా, ప్రమాద లక్షణాలు కనిపిస్తే వెంటనే పంపేలా తర్ఫీదివ్వాలి. కొళాయి చివరి ఇంటి దగ్గర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. పరీక్ష గొట్టంలో నీరు పసుపుపచ్చగా మారిందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ పరీక్షను ట్యాంకు దగ్గర కాకుండా శివారు ఇంటి దగ్గర చేసి, ఫలితాన్ని రోజూ పంచాయతీ బోర్డు మీద రాయాలి. దీవుల నుంచి రోగులను తెచ్చే పడవ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

చట్టసభ సభ్యులూ, సర్పంచులూ ఈ జూన్‌లోపు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: మీ ఊళ్లో చివరి కొళాయి నీళ్లను ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు? జవాబు లేని ఊళ్లో విరేచనాల బిల్లు కట్టేది కూలి తల్లే. ఇది జబ్బు కాదు, నీళ్లు ఇవ్వలేని పాలన పేదల మీద వేస్తున్న పన్ను.