నాలుగో పొగగొట్టం

టైటానిక్ మీద పత్రికల్లో ఎప్పుడు వ్యాసం వచ్చినా పక్కన తరచూ ఓ బొమ్మ కనిపిస్తుంది. మీరూ చూసే ఉంటారు. చీకట్లో ఓడ ముందుభాగం నీళ్లలోకి దిగిపోతూ, వెనుకభాగం పైకి లేచి ఉంటుంది. ముందు మనుషులతో కిక్కిరిసిన పడవలు, వెనకాల మంచుకొండలు. దాన్ని గీసింది విల్లీ ష్టోవర్ అనే జర్మన్ చిత్రకారుడు. ఆ రాత్రి ఆయన అక్కడ లేడు.

సముద్రపు బొమ్మల ఊసు మన వేల్పూర్‌లో ఎందుకంటారా? నిజమే, మనకు పెద్ద నీళ్లంటే శ్రీరాంసాగరే. సముద్రం చూడాలంటే బొంబాయి పోవాలి, లేదంటే దుబాయ్ విమానం కిటికీలోంచి చూడాలి. కానీ ఈ బొమ్మలో మన బోధన్ వాళ్లు ఇట్టే పట్టుకోగల తప్పొకటి ఉంది. అక్కడికే వస్తాను.

ష్టోవర్ 1864 మే 22న బాల్టిక్ తీరం దగ్గరి వోల్గాస్ట్‌లో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. కొడుకు మాత్రం మొదట ఇనుప పని నేర్చుకున్నాడు. తర్వాత ఓడలు కట్టే కార్ఖానాల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. బొమ్మలు వేయడం ఏ బడిలోనూ నేర్వలేదు. ఓడ ఏ పలక మీద ఏ పలక కూర్చుంటుందో, ఏ తాడు ఎక్కడ బిగుస్తుందో తెలిసినవాడు కాబట్టి ఆయన ఓడ అచ్చం ఓడలాగే ఉండేది. 1892లో కలిగినింటి పిల్లను పెళ్లాడాక తిండికి బెంగ లేకుండా బొమ్మలే పనిగా పెట్టుకున్నాడు.

అప్పటి జర్మనీ చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్‌కు ఓడలంటే పిచ్చి. బ్రిటన్‌కు దీటుగా నౌకాదళం కట్టాలని ఆయన పట్టుదల. 1898లో, 1900లో దాని కోసం చట్టాలే చేయించాడు. ఇనుము కొనడానికి డబ్బు కావాలంటే జనానికి ఓడలు ముద్దురావాలి కదా! అందుకు బొమ్మలు పనికొచ్చాయి. కైజర్ ష్టోవర్‌ను సముద్రయాత్రలకు వెంట తీసుకెళ్లేవాడు. ఆయన బొమ్మలు పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చయి ఇళ్లకు చేరాయి, మన దగ్గర రవివర్మ లక్ష్మీదేవి ఇంటింటి గోడకెక్కినట్టు.

1912 ఏప్రిల్ 14 అర్ధరాత్రికి కాస్త ముందు టైటానిక్ మంచుకొండను గుద్దుకుంది. తెల్లవారేలోపే మునిగిపోయింది. సుమారు 1,500 మంది పోయారు. అప్పటికి జర్మనీలో ఇంటిల్లిపాదీ చదివే వారపత్రిక ఒకటుండేది, ‘గార్టెన్‌లాబె’ అని. అంటే తోటలో పందిరి. దాని కోసం ష్టోవర్ ఈ బొమ్మ వేశాడు.

ఇప్పుడు పొగగొట్టాల సంగతి. బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడింది గానీ, దాని గొట్టాలను చూస్తూ పెరిగిన వాళ్లకు ఒకటి తెలుసు. పొగ లేచిందంటే కింద బాయిలర్ మండుతున్నట్టు. టైటానిక్‌లో 29 బాయిలర్లు. వాటి పొగంతా మొదటి మూడు గొట్టాల్లోంచే పోయేది. నాలుగోది గాలి ఆడటానికి, వంటగది పొగ పోవడానికి, అంతకన్నా మించి చూపు కోసం. నాలుగు గొట్టాలుంటేనే గట్టి ఓడని జనం నమ్మే రోజులవి. ష్టోవర్ బొమ్మలో ఆ నాలుగో గొట్టం కూడా దట్టంగా పొగ కక్కుతుంది. ఓడల ప్లాన్లు గీసిన మనిషి చేతిలో ఇలా జరగడం విచిత్రమే.

నాకు మాత్రం ఈ తప్పు కన్నా ఆ తర్వాత సంగతే ఎక్కువ గుచ్చుకుంటుంది. మూడేళ్లు తిరక్కుండానే యుద్ధం. 1915 జనవరి 30న లివర్‌పూల్ దగ్గర యు-21 అనే జర్మన్ జలాంతర్గామి ‘లిండా బ్లాంచ్’ అనే సరుకు ఓడను ముంచింది. సిబ్బందిని దిగిపోనిచ్చారు, అది వేరే మాట. ఆ మునకనూ ష్టోవరే గీశాడు. కానీ ఈసారి అది మనవాళ్ల పరాక్రమం. టైటానిక్ పడవల్లోని జనాన్ని చూసి కళ్లు చెమర్చిన అవే ఇళ్లకు ఇలాంటి బొమ్మలూ వెళ్లాయి. చేయి అదే, నీళ్లూ అవే.

1918 నవంబరులో కైజర్ హాలెండ్ పారిపోయాడు. మరుసటి ఏడాది జూన్ 21న, బ్రిటన్ చెరలో స్కాపా ఫ్లోలో ఉన్న 74 జర్మన్ యుద్ధనౌకల్లో 52 మునిగిపోయాయి. శత్రువు చేతికి చిక్కకూడదని వాటిలోని జర్మన్ నావికులే నీళ్లు వదిలారు. ష్టోవర్ ఇన్నేళ్లు గొప్పగా చూపించిన నౌకాదళం అలా అడుగుకు పోయింది. ఆ బొమ్మలు అడిగేవాళ్లూ తగ్గారు. 1931 మే 31న బెర్లిన్‌లో కన్నుమూశాడు.

1985లో టైటానిక్ శిథిలాలు దొరికాయి. ఓడ రెండు ముక్కలై పడి ఉంది. బొమ్మలో మాత్రం అది ఒక్కటిగానే మునుగుతుంది. అయినా పత్రికలు ఇప్పటికీ ఆ బొమ్మే వేస్తాయి, చాలాసార్లు గీసినవాడి పేరు లేకుండా.