మన రిటర్ను మనమే నింపుకుందాం

జూలై వచ్చిందంటే ఆఫీసుల్లో, స్టాఫ్‌రూముల్లో ఒకటే ముచ్చట. నీకెంత రిఫండ్ వచ్చిందంటే నీకెంత వచ్చిందని. ఆ ముచ్చట మధ్యలోకి ఒక దళారీ వస్తాడు. పాన్ నంబరు, పాస్‌వర్డు ఇస్తే చాలు, కోత పడిన పన్నంతా తిరిగి తెప్పిస్తానంటాడు. వచ్చినదాంట్లో తన వాటా తనకిస్తే సరి. డిగ్రీలు, పీజీలు చదివిన మనం ఆ రెండూ అతని చేతిలో పెట్టి వస్తున్నాం. ఇదేం అలవాటు?

పన్ను జీతంలోనే కోత పడుతోంది కదా, ఈ రిటర్ను దేనికి అనుకుంటాం. రిటర్ను అంటే 'నా ఆదాయం ఇంత, కట్టింది ఇంత' అని మన పేరు మీద సర్కారుకు ఇచ్చే లెక్క. నింపింది ఎవరైనా జవాబు చెప్పాల్సింది మనమే.

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, తీసుకోని చదువు అప్పు రాసి దళారులు రిఫండ్లు లాగుతున్నారని చెప్పింది. ఇందులో ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల, విద్యాసంస్థల ఉద్యోగులూ ఉన్నారని తేల్చింది. దళారులు ఉత్తుత్తి ఈమెయిళ్లతో కుప్పలుగా రిటర్నులు వేసి, తర్వాత ఆ ఈమెయిళ్లను వదిలేస్తున్నారు. నోటీసు వచ్చినా మనకు తెలియదు! అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు.

దొంగ లెక్క బయటపడితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా, పైన వడ్డీ. అప్పటికి దళారీ వాటా తీసుకుని పోయి ఉంటాడు. మిగిలేది మన పాన్, మన ఉద్యోగం.

ఇంకో విచిత్రం చూడండి. రానిదాన్ని రాయించుకునే తొందరలో న్యాయంగా రావాల్సింది వదిలేస్తున్నాం. పీఆర్సీ, డీఏ బకాయిలు ఒకేసారి చేతికొచ్చిన ఏడాది ఆదాయం పెరిగి పై శ్లాబులో పడతాం. ఏ ఏడాది బకాయిని ఆ ఏడాది ఆదాయంలో కలిపి లెక్కేస్తే పన్ను తగ్గేటట్లుంటే, ఆ తేడా మనకు దక్కాలని 1961 నాటి చట్టంలో 89వ సెక్షన్ పెట్టారు. దానికి రిటర్ను కన్నా ముందే ఆన్‌లైన్‌లో 10ఈ ఫారం ఇవ్వాలి. ఎంతమంది టీచర్లకు ఈ సంగతి చెప్పారు?

జీతం ఒక్కటే ఆదాయమైన వాళ్లకు ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఆఫీసు ఇచ్చే ఫారం 16, ఆన్‌లైన్‌లో దొరికే 26ఏఎస్, వార్షిక సమాచార పట్టిక పక్కపక్కన పెట్టుకోవాలి. బ్యాంకు వడ్డీ, డిపాజిట్ల వడ్డీ మరువొద్దు, శాఖ దగ్గర ఆ లెక్క ఉంది. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో 80సి, ఇంటి అద్దె మినహాయింపులు లేవు. రెండు విధానాల్లో లెక్కేసి ఏది తక్కువో చూసుకోవాలి. దాఖలు చేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. ఇల్లు అమ్మినా, వ్యాపారం ఉన్నా ఆడిటర్ దగ్గరికి పోవాల్సిందే. కానీ చదవకుండా ఒప్పుకోవద్దు.

తప్పంతా ఉద్యోగిదే అనడం లేదు. ఇంగ్లీషు ఫారాలు, సెక్షన్ల నంబర్లు మామూలు గుమస్తాను భయపెడుతున్నాయి. ఆ భయమే దళారీకి పెట్టుబడి. దాన్ని పోగొట్టే పని ఉద్యోగ సంఘాలది. సభ్యత్వాలు రాయించడానికి ఊరూరూ తిరిగే నాయకులు జూలైలో ఒక్క ఆదివారం మండల కేంద్రంలో కూచుని, ఫారం 16 ఎట్లా చదవాలో తెలుగులో చెప్పలేరా? కొత్తగా కొలువులో చేరిన పిల్లలకు మొదటి రిటర్ను దగ్గరుండి నింపించలేరా?

పైసా పైసాకు లెక్క చెప్పమని సర్కారును నిలదీసేవాళ్లం. మన లెక్క మన చేతిలో ఉంటేనే ఆ మాటకు బలం.