పైన పటారం చాలదు!

"ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు, మీ లెక్కలు మీరే తేల్చుకోండి" అంటున్నాయి సెల్ఫ్ సర్వీస్ బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్లు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలోంచి పుట్టి 2003లో సంస్థగా వెలసిన టాబ్లో, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పవర్ బీఐ ఈ కోవలోవే. మంచిదే! లెక్క నలుగురికీ అందడం మేలే గదా!

అయితే వీటిని ఎంచేటప్పుడు మనం చూస్తున్నదేమిటి? రంగులూ, బొమ్మలూ, గ్రాఫ్ ఎంత చప్పున వచ్చిందీ! అసలు పరీక్ష అది కాదంటాను నేను.

మార్కెట్ యార్డు పట్టిక ఒకటి తీసుకోండి. 10 క్వింటాళ్లు 8,000 రూపాయల ధరకు, 90 క్వింటాళ్లు 6,000 ధరకు అమ్ముడయ్యాయనుకుందాం. ధరల వరుసను లాగి పడేస్తే పవర్ బీఐ మామూలుగా రెంటినీ కూడి 14,000 చూపిస్తుంది. సగటు అడిగితే 7,000 అంటుంది. తూకం లెక్కన అసలు సగటు 6,200! కాటా దగ్గర నిలబడ్డ ఏ రైతైనా ఈ తేడా చెప్తాడు. సరైన సగటు తీసే వీలు అందులోనూ ఉంది, కానీ దాన్ని తీసే పద్ధతి తెలియాలి. తెలియని గుమాస్తా 7,000 నే పైకి పంపుతాడు. రేపటి నిర్ణయం ఆ అంకె మీదే జరిగిపోతుంది.

కాబట్టి అమ్మేవాడి ప్రదర్శన చూసి మురిసిపోవద్దు. వాడబోయే మనిషినే కూర్చోబెట్టండి. అతని పట్టికే ఇచ్చి, జవాబు ముందే తెలిసిన ప్రశ్న వెయ్యండి. వచ్చిన అంకె ఏ వరుసల్లోంచి, ఏ లెక్కన వచ్చిందో అతను విప్పి చూపగలిగితే కొనండి. చూపలేకపోతే అది లెక్క కాదు, సోది!