పద్దెనిమిది అడుగుల ర్యాంపు

మొన్న మానేరు ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లాను. వరండాకు మూడు మెట్లు, పక్కనే ఆరడుగుల ర్యాంపు. ప్రార్థన అయ్యాక ఆరో తరగతి పిల్లవాడొకడు చక్రాల కుర్చీలో వచ్చి దాని ముందు ఆగాడు. ఇద్దరు దోస్తులు వెనక నుంచి తోశారు, ఇంకొకడు ముందు నుంచి లాగాడు. "మా పిల్లలు ఎంత మంచోళ్లో చూసిండ్రా సార్" అన్నారు పక్కనున్న ఉపాధ్యాయుడు. నిజమే, మంచి పిల్లలు. తర్వాత ఆ అబ్బాయి దగ్గర కూర్చుంటే మెల్లగా చెప్పాడు: "వీళ్లు రాకపోతే బయటనే ఉంట సార్. ఒంటికి పోవాల్నన్నా ఎవల్నో ఒకల్ని పిలవాలె. అందుకే ఇంటికి పోయేదాక నీళ్లు తాగ."

మెట్టుకు ఆరంగుళాలు, మూడు మెట్లకు అడుగున్నర. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. ఆ లెక్కన అక్కడ పద్దెనిమిది అడుగులు కావాలి. ఉన్నది ఆరే. అంత నిటారు ర్యాంపు మీద పన్నెండేళ్ల పిల్లవాడి చేతులు చక్రాన్ని తిప్పలేవు. అది వాడు ఎక్కడానికి కట్టింది కాదు, వాణ్ని ఎక్కించడానికి కట్టింది.

తినడం, తినిపించడం, నడవడం, నడిపించడం. వైకల్యమున్న పిల్లల మీద మన ప్రేమంతా ఆ 'ఇంచు' దగ్గరే నిలిచిపోయింది. ఎత్తుకుంటాం, మోస్తాం, పేరడిగితే వాళ్ల బదులు మనమే చెబుతాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం బడి భవనాన్ని, ఆవరణను, అందులోని వసతులన్నిటినీ వాళ్లకు అందుబాటులో ఉంచమంటుంది. మోసే మనుషులుంటే చాలని ఎక్కడా అనలేదు.

ఈ తేడా బాగా తెలిసినవాళ్లు మన మండలాల్లోనే ఉన్నారు. వైకల్యమున్న పిల్లల కోసం ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) వాళ్లు. చొక్కా గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, పది రూపాయలిచ్చి చిల్లర లెక్కచూసుకోవడం, అన్నీ ఓపికగా నేర్పుతారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళ్తారు. ఒక్క గుండీ కోసం పావుగంట చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమైన పనో చూస్తేగాని తెలియదు. కానీ అక్కడ నేర్చింది ఇంట్లో చెరిగిపోతుంది. పొద్దున్నే బీడీల చాట ముందు కూర్చోవాల్సిన తల్లికి ఆ పావుగంట ఏది? ఆమెను తప్పుపట్టను. తరగతి గదిలో ఉండి కూడా తొందరపడే మనల్ని మాత్రం తప్పుపడతాను. ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఐఈఆర్పీలేమో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు. రేపటి ఉద్యోగం గురించి దిగులుపడే మనిషిని ఓపిక పట్టమనడం అన్యాయం.

ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో ఈ జబ్బు తరాలుగా ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో నొప్పి లేస్తుంది. పైకి కర్ర ఉండదు, కుర్చీ ఉండదు. ఆశ్రమ పాఠశాలలో ఆ జబ్బున్న పిల్ల ముడుచుకుని పడుకుంటే బద్ధకమంటారు. మాఘమాసపు చలిలో తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకోమంటే ఆ చలే నొప్పిని రేపుతుంది. ఆమెకు నీళ్లు సగం మందు, రోజంతా తాగుతూ ఉండాలి. మానేరు ఒడ్డు పిల్లవాడు మరుగుదొడ్డికి భయపడి మానేసిన ఆ నీళ్లే!

అక్కడ స్వతంత్రంగా ఉండడమంటే తన ఒంటి సంగతి తనకు తెలియడం. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ నొప్పికి ఆగొచ్చో, ఏ జ్వరానికి ఆగకూడదో ఆమెకే చెప్పాలి. గోండి, కొలామి పలికే నోటికి ఆ ముక్కలు దాని సొంత భాషలో అందాలి. వేడినీళ్లు, ఆడుకునే వేళ ఒకింత విశ్రాంతి ఆమె నోరు తెరిచి అడగగలగాలి, అడిగినందుకు తిట్టు తినకూడదు.

పదో తరగతి పరీక్ష సంగతీ ఇంతే. చూపులేని విద్యార్థికి రాసిపెట్టే సహాయకుణ్ని ఇస్తాం, అదనపు సమయం ఇస్తాం. జవాబు మనసులో పేర్చుకుని మరొకరి చేత రాయించడం మాత్రం మార్చిలో వచ్చే విద్య కాదు, ఆరో తరగతి నుంచే సాధన చేయించాలి. ఈ ఒక్కచోట 'ఇంచు' ఆ పిల్లల చేతిలో ఉంటుంది.

ఆ రోజు మానేరు ఒడ్డు బడి నుంచి బయల్దేరే ముందు ప్రధానోపాధ్యాయుణ్ని అడిగాను, ర్యాంపు పొడిగించడానికి జాగా ఉందా అని. వరండా అంచు నుంచి వేపచెట్టు దాకా ఇద్దరం టేపు పరిచాం. అంకె చదవమని ఆ పిల్లవాడికే ఇచ్చాం. "ఇరవై రెండు సార్" అన్నాడు.

— మానేరు